వర్డ్‌లో బాగున్న వ్యాసం వెబ్‌లో ఎందుకు చెదిరింది: పేస్ట్ సమస్యపై ఒక కేస్ స్టడీ

ఒక తెలుగు వెబ్ పత్రిక. రచయితలు వర్డ్ ఫైళ్లు మెయిల్ చేస్తారు. డెస్క్‌లో ఒకరు ఫైలు తెరిచి, మొత్తం కాపీ చేసి, సైటు ఎడిటర్‌లో పేస్ట్ చేసి పబ్లిష్ నొక్కుతారు. ఆ ఎడిటర్ సొంతంగా కట్టించుకున్నది. పేస్ట్ చేసినదాన్ని వడపోసే ఏర్పాటు అందులో లేదు, వచ్చింది వచ్చినట్టు డేటాబేస్‌లోకి పోతుంది. పరీక్షకు తీసుకున్నది ఒక సాహిత్య వ్యాసం. అందులో ఉపశీర్షికలు, మధ్యమధ్య పద్యాలు, ఒక పట్టిక, ఫోటోలు, కింద ఫుట్‌నోట్లు ఉన్నాయి. పేస్ట్ సమస్యలన్నీ ఒకేచోట దొరకడానికి ఇంతకన్నా మంచి నమూనా ఉండదు.

ఫిర్యాదులు ఇవి. ఫోన్‌లో చూస్తే పై లైను ఒత్తులు కింది లైను గుడుల మీద ఎక్కి కూర్చుంటున్నాయి. అంకెలు ఒక సైజులో, తెలుగు మరో సైజులో ఉన్నాయి. డార్క్ మోడ్ పెట్టుకున్నవాళ్లకు పేజీ ఖాళీగా కనిపిస్తోంది. ఫోటోల చోట విరిగిన బొమ్మ గుర్తు. ఒక పేరా మొత్తం ఇంగ్లీషు అక్షరాల చెత్త. తమాషా ఏమిటంటే, డెస్క్ కంప్యూటర్‌లో చూస్తే ఆ చివరి పేరా శుభ్రంగా తెలుగులోనే ఉంది.

క్లిప్‌బోర్డులో ఉన్నది ఒకటి కాదు

కంట్రోల్ సి నొక్కగానే వర్డ్ అదే ముక్కను కొన్ని రూపాల్లో క్లిప్‌బోర్డులో పెడుతుంది: సాదా టెక్స్ట్, ఆర్‌టీఎఫ్ (ఫార్మాటింగ్‌తో కూడిన టెక్స్ట్), హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీలు రాసే ట్యాగుల భాష). తీసుకునే ప్రోగ్రాం తనకు నచ్చిన రూపం తీసుకుంటుంది. నోట్‌ప్యాడ్‌కి సాదా టెక్స్ట్ చాలు. బ్రౌజర్‌లోని ఎడిటర్ హెచ్‌టీఎంఎల్‌కే చెయ్యి చాస్తుంది.

ఈ హెచ్‌టీఎంఎల్‌ను వర్డ్ వెబ్ కోసం రాయదు. మళ్లీ వర్డ్‌లోనే పేస్ట్ చేస్తే ఏదీ పోకుండా తిరిగి రావాలని రాస్తుంది. అందుకే ప్రతి పేరాకూ ‘ఎమ్‌ఎస్‌ఓ నార్మల్’ లాంటి క్లాసు, లోపల ‘ఎమ్‌ఎస్‌ఓ’తో మొదలయ్యే స్టైళ్లు బారులు తీరి ఉంటాయి. బ్రౌజర్‌కు ఆ ఎమ్‌ఎస్‌ఓ స్టైళ్లు అర్థం కావు, వదిలేస్తుంది. పక్కనే ఉన్న ఫాంటు పేరు, సైజు, రంగు, లైన్ల దూరం మాత్రం అర్థమవుతాయి, వాటిని తు.చ. తప్పకుండా పాటిస్తుంది. సగం విని సగం విననట్టు. పైన చెప్పిన ఫిర్యాదుల్లో ఎక్కువ ఈ సగం వినికిడి వల్ల వచ్చినవే.

ఒత్తులు ఎందుకు తొక్కుకుంటున్నాయి

ఫైల్లో లైన్ల దూరం 1.08 అని ఉంది. వర్డ్ 2013 నుంచి ఖాళీ డాక్యుమెంటుకు చాలా ఏళ్లు ఇదే డిఫాల్ట్, పేరా కింద 8 పాయింట్ల ఖాళీతో సహా. క్లిప్‌బోర్డులో ఇది లైన్-హైట్ 107% అనే రూపంలో దిగింది. అంకె చూస్తే దాదాపు అదే, అర్థం మాత్రం వేరు.

వర్డ్‌లో 1.08 అంటే ఆ ఫాంటు సహజంగా తీసుకునే లైను ఎత్తుకు 1.08 రెట్లు. గౌతమి లాంటి తెలుగు ఫాంటు కింద ఒత్తులకూ పైన గుడులకూ కలిపి దండిగా చోటు ఉంచుకుంటుంది, కాబట్టి వర్డ్‌లో లైన్లు విశాలంగానే కనిపిస్తాయి. సీఎస్ఎస్‌లో, అంటే వెబ్ పేజీ రూపురేఖలు చెప్పే భాషలో, 107% అంటే ఫాంటు సైజుకు 1.07 రెట్లు, అంతే. ఫైల్లో పేరా సైజు 11 పాయింట్లు, అంటే తెర మీద 14.67 పిక్సెళ్లు. దానికి 107% అంటే లైనుకు దక్కేది 15.7 పిక్సెళ్లు. ఇంగ్లీషు అక్షరాలకే అది ఇరుకు. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘క్లుప్తం’ లాంటి మాటలు పక్కపక్క లైన్లలో పడితే ఢీకొనక తప్పదు. ఈ సైటు అసలు సీఎస్ఎస్‌లో ఉన్నది 18 పిక్సెళ్ల అక్షరం, 1.7 లైన్-హైట్, అంటే 30.6 పిక్సెళ్లు. డిజైనర్ సరిగ్గానే ఇచ్చాడు. పేరా ఒంటి మీద రాసి ఉన్న స్టైలు ముందు స్టైల్‌షీటు మాట చెల్లదు, అదీ సంగతి.

అంకెలు వేరే సైజులో

వర్డ్ లెక్కలో తెలుగు ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్’. ఇంగ్లీషు అక్షరాలకూ అంకెలకూ ఒక ఫాంటు, ఒక సైజు. కాంప్లెక్స్ స్క్రిప్టుకు వేరే ఫాంటు, వేరే సైజు. కంట్రోల్ డి నొక్కి ఫాంట్ డైలాగ్ తెరిస్తే ఈ రెంటికీ విడివిడి గడులు కనిపిస్తాయి. రచయిత తెలుగుకు గౌతమి 14 పెట్టుకున్నాడు, రెండో గడి సంగతి పట్టించుకోలేదు, అది కాలిబ్రి 11 దగ్గరే ఉండిపోయింది.

ఈ వాక్యం చూడండి: ‘2014లో అచ్చయిన ఈ పుస్తకం ధర 150 రూపాయలు, పేజీలు 212.’ చదివేవాడికి ఇది ఒక వాక్యం. వర్డ్‌కు కనీసం అయిదు ముక్కలు: 2014 ఒకటి, ‘లో’ నుంచి ‘ధర’ వరకు ఒకటి, 150 ఒకటి, ‘రూపాయలు, పేజీలు’ ఒకటి, 212 ఒకటి. కామా, చుక్క ఏ పక్షాన పడ్డాయన్నదాన్ని బట్టి ఇంకా చీలుతుంది. ప్రతి ముక్కకూ దాన్ని చుట్టే ఒక స్పాన్ ట్యాగ్, ప్రతి స్పాన్‌లో ఫాంటు పేరూ సైజూ. ఒక్క వాక్యానికి ఇంత బరువు. తెర మీద కనిపించేది అంకెలు చిక్కిపోయి తెలుగు బలిసిన వాక్యం.

పైగా గౌతమి విండోస్ ఫాంటు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉండదు, అక్కడ ఫోన్‌లో ఉన్న తెలుగు ఫాంటు వచ్చి చేరుతుంది. డెస్క్‌లో చూసిన పేజీ, పాఠకుడు చూసిన పేజీ ఎప్పటికీ ఒకటి కావు. ఫోన్‌లో చూడకుండా ‘బాగానే ఉంది’ అనడానికి వీల్లేదు.

డార్క్ మోడ్ సమస్యా ఇదే కోవలోది. స్పాన్‌లో రంగు నలుపు అని రాసి ఉంది, సైటు నేపథ్యాన్ని నల్లగా మార్చింది. నలుపు మీద నలుపు.

డెస్క్‌లో తెలుగు, బయట చెత్త

ఆ ఒక్క పేరా రచయిత పాత పేజ్‌మేకర్ ఫైల్లోంచి తెచ్చుకున్నది, అను ఫాంటులో ఉంది. అందులో నిజానికి తెలుగు అక్షరాలు లేవు. లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ, ఫాంటు వాటికి తెలుగు బొమ్మలు తొడుగుతుంది. డెస్క్ కంప్యూటర్‌లో అను ఫాంట్లు ఉన్నాయి. పేస్ట్‌తో పాటు ఫాంటు పేరు కూడా వచ్చింది కాబట్టి బ్రౌజర్ ఆ ఫాంటు వేసి తెలుగులా చూపించింది. మిగతా ప్రపంచంలో ఆ ఫాంటు లేదు. ఎడిటర్‌కు వడపోత ఉండి ఫాంటు పేరు రాలిపోయి ఉంటే ఈ తప్పు డెస్క్‌లోనే దొరికేది.

కనిపెట్టే పద్ధతి: వర్డ్‌లో కంట్రోల్ ఎఫ్ బదులు అడ్వాన్స్‌డ్ ఫైండ్ తెరిచి, ఫార్మాట్‌లో ఫాంట్ ఎంచుకుని, అను ఫాంటు పేరు ఇచ్చి, మెయిన్ డాక్యుమెంట్ మొత్తంలో వెతకమనాలి. ఆ ఫాంటులో ఉన్న ముక్కలన్నీ ఒకేసారి ఎంపికవుతాయి. వాటిని మాత్రమే అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌కు ఇవ్వాలి. ఫైలు మొత్తం ఇస్తే మామూలు ఇంగ్లీషు మాటలు కూడా తెలుగు గజిబిజిగా మారతాయి. మార్చాక కొటేషన్ గుర్తులు, అంకెలు, అరుదైన సంయుక్తాక్షరాలు కంటితో సరిచూడాలి. కన్వర్టర్లు తప్పేది అక్కడే.

అంతా సాదా టెక్స్ట్‌గా పేస్ట్ చేస్తే పోలేదా

మొదట అందరూ ఇచ్చే సలహా ఇదే: కంట్రోల్ షిఫ్ట్ వి కొట్టండి, లేదా నోట్‌ప్యాడ్‌లో వేసి అక్కడి నుంచి తీసుకోండి. నాలుగు పేరాల వార్తకు ఇది చాలు. ఈ వ్యాసానికి చాలదు. ఇటాలిక్‌లో ఉన్న పుస్తకాల పేర్లు, లింకులు, ఫుట్‌నోట్ల లంకె, ఉపశీర్షికలు అన్నీ పోతాయి. మళ్లీ చేత్తో పెట్టాలి, పెట్టేటప్పుడు కొన్ని మరిచిపోతారు.

ఇంకో చిక్కు ఉంది. వర్డ్ సాదా టెక్స్ట్‌లో పేరాకూ పేరాకూ మధ్య ఒక్క లైన్ బ్రేక్ మాత్రమే ఉంటుంది. టైనీఎమ్‌సీఈ లాంటి ఎడిటర్లు సాదా టెక్స్ట్‌లో రెండు బ్రేకులు వరసగా కనిపిస్తేనే కొత్త పేరా అనుకుంటాయి. ఒకటే ఉంటే ‘బి ఆర్’ ట్యాగ్, అంటే లైను విరుపు, వేస్తాయి. ఫలితం: పది పేరాల వ్యాసం ఒకే పేరాగా, మధ్యలో విరుపులతో దిగుతుంది. సాదా పేస్టే కావాలంటే కాపీ చేసే ముందు వర్డ్‌లో ఫైండ్ అండ్ రీప్లేస్ తెరిచి, ఒక పేరా గుర్తును రెండు పేరా గుర్తులుగా మార్చాలి. పేరా గుర్తు అంటే కారట్ (^), దాని వెంట ఇంగ్లీషు చిన్న పి.

వర్డ్‌లో చేయాల్సిన పని

ఈ కేసులో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. వెబ్ ఎడిటర్‌లో అరగంట గోక్కునేదాన్ని వర్డ్‌లో పది క్లిక్కుల్లో తేల్చవచ్చు. ముందు ఫైలుకు ఒక కాపీ తీసి, పని అంతా కాపీ మీదే చేయాలి.

మొదట రివ్యూ ట్యాబ్‌లో మార్పులన్నీ యాక్సెప్ట్ చేసి, కామెంట్లన్నీ తొలగించాలి. లేకపోతే సంపాదకుడికీ రచయితకూ నడిచిన వాదన వ్యాసం అడుగున వెబ్‌కెక్కే ప్రమాదం ఉంది. తర్వాత కంట్రోల్ షిఫ్ట్ 8 నొక్కితే పేరా గుర్తులు, ట్యాబులు, లైను విరుపులు కనిపిస్తాయి. అప్పుడు అసలు రూపం బయటపడుతుంది. ఖాళీ కోసం ఎంటర్ నాలుగుసార్లు కొట్టిన చోట్లు, మధ్యకు జరపడానికి స్పేస్‌బార్ నొక్కిన చోట్లు అన్నీ తేలతాయి.

రెండు పేరా గుర్తులను ఒకటిగా మార్చే రీప్లేస్‌ను లెక్క సున్నా వచ్చేదాకా మళ్లీ మళ్లీ నడపాలి. కారట్, ఎస్ అంటే నాన్-బ్రేకింగ్ స్పేస్. దాన్ని మామూలు స్పేస్‌గా మార్చాలి. ఈ స్పేసులు వరసగా ఉంటే బ్రౌజర్ అక్కడ లైను విరవదు, ఫోన్‌లో పదాలు అంచు దాటి బయటకు పోతాయి. కారట్, ఎల్ అంటే షిఫ్ట్ ఎంటర్‌తో కొట్టిన లైను విరుపు. దీన్ని మాత్రం గుడ్డిగా మార్చకూడదు, ఎందుకంటే పద్యాలు దాని మీదే నిలబడి ఉంటాయి.

పద్యం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. నాలుగు పాదాల ప్రతి చివరా ఎంటర్ కొడితే వెబ్‌లో నాలుగు పేరాలవుతాయి, పాదానికీ పాదానికీ మధ్య పేరా అంత ఖాళీ వస్తుంది. పాదాల చివర షిఫ్ట్ ఎంటర్, పద్యం చివర ఒక్క ఎంటర్ ఉండాలి. ఆపైన ఆ పేరాకు ‘పద్యం’ అనే పేరుతో ఒక పేరా స్టైలు సృష్టించి వేయాలి. ఎడమ జరుపు కోసం స్పేసులు పెట్టకూడదు. ఎంత జరపాలో సైటు సీఎస్ఎస్ చూసుకుంటుంది. సీస పద్యం పాదాలు పొడుగు, ఫోన్ వెడల్పులో ఎలాగూ విరుగుతాయి. విరిగిన ముక్క కొంచెం లోపలికి జరిగేలా సీఎస్ఎస్‌లో హ్యాంగింగ్ ఇండెంట్ ఇస్తే పాదం ఎక్కడ ముగిసిందో పాఠకుడికి తెలుస్తుంది.

శీర్షికల్లో ఎక్కువ కనిపించే తప్పు: మామూలు పేరాకే బోల్డ్ వేసి సైజు పెంచడం. కంటికి శీర్షిక, ఫైలుకు పేరా. వాటి మీద కర్సర్ పెట్టి కంట్రోల్ ఆల్ట్ 2 కొడితే హెడింగ్ 2 అవుతుంది, లోపలి శీర్షికలకు కంట్రోల్ ఆల్ట్ 3. హెడింగ్ 1 వాడకపోవడం మంచిది, వ్యాసం పేరు పేజీలో ఎలాగూ ఆ స్థానంలో ఉంటుంది. మిగిలిన పేరాల్లో చేత్తో పెట్టిన జరుపులు, జస్టిఫై లాంటివి పోవడానికి కంట్రోల్ క్యూ. కంట్రోల్ స్పేస్ జోలికి పోవద్దు, అది అక్షరాల ఫార్మాటింగ్ తుడిచేస్తూ ఇటాలిక్‌లను కూడా మింగుతుంది.

వెబ్‌లోకి దించే దారి

స్టైళ్లు సరిగ్గా వేశాక కాపీ పేస్టే అక్కర్లేదు. డాక్ఎక్స్ ఫైలును మామత్ అనే కన్వర్టర్‌కు ఇస్తే అది పేరా స్టైలు ఏమిటో చూస్తుంది. సైజు, రంగు, లైన్ల దూరం పట్టించుకోదు. హెడింగ్ 2 అయితే హెచ్2, బోల్డ్ అయితే స్ట్రాంగ్, అంతే. ‘పద్యం’ స్టైలుకు ఏ ట్యాగు, ఏ క్లాసు ఇవ్వాలో స్టైల్ మ్యాప్‌లో ఒక్క లైను రాస్తే చాలు. ఫుట్‌నోట్లకు లంకెలు కూడా తనే కడుతుంది. ఒక పేజీలో రెండు వ్యాసాలు వస్తే ఫుట్‌నోట్ ఐడీలు ఢీకొంటాయి కాబట్టి వ్యాసానికొక ఐడీ ప్రిఫిక్స్ (ఐడీ ముందు చేర్చే ముక్క) ఇవ్వాలి. వచ్చిన హెచ్‌టీఎంఎల్‌ను ఎడిటర్ సోర్స్ మోడ్‌లో పేస్ట్ చేయాలి. పాండాక్ అనే మరో కన్వర్టర్‌తోనూ ఈ పని అవుతుంది. కమాండ్ లైన్ అలవాటున్నవాళ్లకు అది సుఖం.

వర్డ్‌ప్రెస్ బ్లాక్ ఎడిటర్ అయితే, 2018 డిసెంబరులో 5.0తో వచ్చింది, వర్డ్ పేస్ట్‌ను తనే వడపోసి శీర్షికలు, జాబితాలు, బోల్డ్, లింకులు ఉంచుకుంటుంది. అక్కడ పద్యాలకు వర్స్ బ్లాక్ ఉంది.

ఫోటోలు పేస్ట్ ద్వారా రావు. వర్డ్ ఇచ్చే హెచ్‌టీఎంఎల్‌లో బొమ్మ చిరునామా కాపీ చేసిన కంప్యూటర్‌లోని ఒక టెంపరరీ ఫోల్డరు, అది ‘ఫైల్’ అని మొదలవుతుంది. వెబ్ పేజీకి అక్కడికి దారి లేదు. డాక్ఎక్స్ నిజానికి జిప్ ఫైలే. కాపీ తీసి ఎక్స్‌టెన్షన్ జిప్‌గా మార్చి తెరిస్తే, వర్డ్ ఫోల్డరు లోపలి మీడియా ఫోల్డరులో బొమ్మలన్నీ ఉంటాయి. వాటిని సైటులో మామూలుగా అప్‌లోడ్ చేయాలి. మామత్ బొమ్మలను బేస్64 అనే అక్షరాల రూపంలో పేజీలోనే కుక్కుతుంది, బరువు మూడో వంతు పెరుగుతుంది. కాబట్టి బొమ్మలు తీసేసిన కాపీనే దానికి ఇవ్వడం తేలిక. పట్టికకు మటుకు వెడల్పుల అంకెలన్నీ తీసేసి, పక్కకు జరిగే పెట్టెలో ఉంచితే సరిపోతుంది.

ఎడిటర్‌కు వడపోత పెట్టేవాళ్లకు

డెస్క్ ఎంత జాగ్రత్తగా ఉన్నా రోజూ ఎవరో ఒకరు నేరుగా పేస్ట్ చేస్తారు. అందుకని ఎడిటర్ పేస్ట్ ఈవెంట్‌లోనే వడపోత పెట్టాలి. డామ్‌ప్యూరిఫై లాంటి హెచ్‌టీఎంఎల్ వడపోత లైబ్రరీకి అనుమతించే ట్యాగులు, లక్షణాల జాబితా మనమే ఇవ్వాలి. డిఫాల్ట్‌గా వదిలేస్తే అది భద్రత వరకే చూసుకుంటుంది, స్టైలు, క్లాసు రెంటినీ రానిస్తుంది.

స్టైళ్లన్నీ ఊడబెరికే ముందు రెండు పనులు చేయాలి. వర్డ్ జాబితాలు జాబితాలుగా రావు. చుక్క, దాని వెంట కొన్ని నాన్-బ్రేకింగ్ స్పేసులు ఉన్న మామూలు పేరాలుగా వస్తాయి. ఏ జాబితా, ఏ మెట్టు అన్నది ‘ఎమ్‌ఎస్‌ఓ-లిస్ట్’ అనే స్టైలులో మాత్రమే రాసి ఉంటుంది. ముందు దాన్ని చదివి నిజమైన జాబితాగా మార్చాలి, ఆ తర్వాతే తుడవాలి.

రెండోది గూగుల్ డాక్స్. అది మొత్తం ముక్కను ఒక ‘బి’ ట్యాగ్‌లో చుట్టి, ఆ ట్యాగ్‌కే బోల్డ్ వద్దు అని స్టైలు రాస్తుంది. నిజంగా బోల్డ్ ఉన్న మాటలకు స్పాన్‌లో అక్షరాల మందం 700 అని రాస్తుంది. స్టైళ్లు ఊడిస్తే తలకిందులవుతుంది: వ్యాసమంతా బోల్డ్, బోల్డ్ కావాల్సిన మాటలకు విడిగా గుర్తే లేదు. ముందు 700 ఉన్న స్పాన్లను స్ట్రాంగ్‌గా మార్చి, బయటి ‘బి’ని విప్పి, ఆపైన తుడవాలి.

కనిపించని అక్షరం

శుభ్రం చేసే స్క్రిప్టుల్లో తెలుగును దెబ్బతీసే లైను ఒకటి ఉంటుంది: కనిపించని అక్షరాలన్నీ తీసెయ్. నెట్‌లో దొరికే నమూనాలు యూనికోడ్ 200బి నుంచి 200డి వరకు ఉన్నవన్నీ, ఎఫ్‌ఈఎఫ్‌ఎఫ్‌తో కలిపి తొలగిస్తాయి. ఇంగ్లీషుకు అవి చెత్తే. మనకు ఆ మధ్యలో ఉన్న 200సి, జీరో విడ్త్ నాన్-జాయినర్, చాలా ముఖ్యం. ‘ఫేస్‌బుక్’లో స్ కింద బ ఒత్తు పడకుండా ఆపుతున్నది అదే. తీసేస్తే ‘ఫేస్బుక్’ అవుతుంది, ‘రాజ్‌కుమార్’ ‘రాజ్కుమార్’ అవుతాడు. రచయిత ఫోన్ చేసి అడిగేదాకా ఎవరికీ తెలియదు. స్క్రిప్టులో తీయాల్సింది 200బి, ఫైలు మొదట్లో ఉండే ఎఫ్‌ఈఎఫ్‌ఎఫ్ మాత్రమే.

వర్డ్‌లో దీన్ని చొప్పించాలంటే 200సి అని ఇంగ్లీషులో టైపు చేసి ఆల్ట్ ఎక్స్ నొక్కాలి. సింబల్ డైలాగ్‌లోని స్పెషల్ క్యారెక్టర్లలో ఇది ‘నో-విడ్త్ ఆప్షనల్ బ్రేక్’ అనే పేరుతో ఉంది. పక్కనున్న ‘నో-విడ్త్ నాన్ బ్రేక్’ వేరేది, 200డి. పేరు చూసి పొరపాటున రెండోది ఎంచుకునే ప్రమాదం ఉంది.

ఇప్పటికే ఎక్కేసిన పాత వ్యాసాలు

ప్రథమ చికిత్సగా స్టైల్‌షీటులో వ్యాసం లోపలి పేరాలకూ స్పాన్లకూ ఫాంటు, సైజు, రంగు, లైన్-హైట్ నాలుగింటినీ ‘ఇన్హెరిట్’ అని, ఇంపార్టెంట్ గుర్తుతో రాయాలి. ఇంపార్టెంట్ ముందు ఒంటి మీది స్టైలు ఓడిపోతుంది. ఆ రోజే పేజీలు చదవదగ్గవి అవుతాయి. అయితే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్‌లో (కొత్త వ్యాసాలను రీడర్ యాప్‌లకు అందించే ఏర్పాటు) స్టైల్‌షీటు వెళ్లదు, చెత్త అలాగే వెళ్తుంది. కాబట్టి అసలు వైద్యం డేటాబేస్‌లో జరగాలి.

బ్యాకప్ తీసి, ముందు టెస్ట్ కాపీలో నడపాలి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో, అంటే అక్షరాల నమూనా ఇచ్చి వెతికే పద్ధతిలో, ట్యాగులు కోయడం కాకుండా, హెచ్‌టీఎంఎల్ పార్సర్‌తో చదివి, స్టైలు, క్లాసు తీసి, ఏ లక్షణమూ మిగలని స్పాన్లను విప్పాలి. ఇక్కడా అదే క్రమం, జాబితాలు మార్చాకే తుడవడం.

పని అయ్యాక సోర్సులో మూడు వెతుకులాటలు: ‘ఎమ్‌ఎస్‌ఓ’, ‘ఫైల్’ చిరునామా, ‘స్టైల్’ లక్షణం. మూడూ సున్నా రావాలి. తర్వాత ముందటి టెక్స్ట్, తర్వాతి టెక్స్ట్ రెంటినీ నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో తెరిచి, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ మోడ్‌లో 200సి ఎన్ని ఉన్నాయో కౌంట్ చేయాలి. ఈ లెక్క మాత్రం సున్నా కాకూడదు, రెండు వైపులా సమానంగా ఉండాలి. ఒక్కటి తగ్గినా ఆ రన్ వెనక్కి తిప్పి, స్క్రిప్టులో ఏ లైను దాన్ని మింగిందో చూడాలి.